షట్టర్ సౌండ్ రాకూడదు, కన్నీళ్లు మాత్రం రావాలి!

ఫ్యామిలీ షో ప్రోమో మీద వేలు పెట్టేది మనం థంబ్‌నెయిల్ చూసే కదా. అమ్మ ఏడుస్తుంటే కూతురు వాటేసుకున్న ఫొటో అన్నమాట. అది వీడియోలోంచి కట్ చేసిందే అనుకుంటాం. కొన్నిసార్లు అంతే. కాస్త పెద్ద షో అయితే మాత్రం దానికోసమే సెట్‌లో ఒక స్టిల్ ఫొటోగ్రాఫర్ ఉంటాడు.

నేను వారమంతా కోడ్ రాస్తా. ఏడాదిగా వీకెండ్స్‌లో హైదరాబాద్‌లో ఒక చానల్ ఫ్యామిలీ షోకి స్టిల్స్ తీసే అన్న దగ్గర రెండో కెమెరాగా వెళ్తున్నా. డబ్బులు పెద్దగా రావు, కానీ భోజనం బాగుంటుంది!

ఈ పనిలో మొదటి శత్రువు సౌండ్. స్టేజీ మీద అందరికీ కాలర్ మైకులుంటాయి. పాత కెమెరాల అద్దం 'టప్' మంటే అది డైలాగులో కలిసిపోతుంది. అందుకే ఒకప్పుడు సెట్‌లో కెమెరాని సౌండ్ బయటికి రాని పెట్టెలో పెట్టి తీసేవాళ్లు. ఇప్పుడు మిర్రర్‌లెస్‌లో సైలెంట్ మోడ్ ఉంది. దాంతో ఇంకో తలనొప్పి. సెన్సర్ ఫొటోని వరసలు వరసలుగా చదువుతుంది, ఈలోగా లైటు మినుకుమంటే ఫొటోలో నల్ల చారలొస్తాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/100 దగ్గర పెడితే మామూలు లైట్లకి చాలావరకు పోతాయి. ఎల్‌ఈడీ వాల్ ముందు మాత్రం ప్రతిసారీ టెస్ట్ షాట్ తీసుకోవాల్సిందే. ఫ్లాష్ వాడకూడదు, నల్ల టీషర్ట్ వేసుకోవాలి, మాట్లాడేవాళ్ల చూపుకి అడ్డం రాకూడదు.

ఇవన్నీ నెల రోజుల్లో వచ్చేస్తాయి. కష్టమైనది వేరే.

సినిమాలో ఏడ్చేది ఆర్టిస్ట్. ఇక్కడ ఏడ్చేది నిజం మనుషులు, రేపు మళ్లీ ఆఫీసుకో బడికో వెళ్లాల్సినవాళ్లు. ఇది కొత్త గొడవేం కాదు. 1971లో అమెరికాలో, శాంటా బార్బరాలో లౌడ్ అనే కుటుంబం ఇంట్లో కెమెరాలు పెట్టి నెలల తరబడి షూట్ చేశారు. 'యాన్ అమెరికన్ ఫ్యామిలీ' పేరుతో 1973లో 12 ఎపిసోడ్లు టీవీలో వచ్చాయి. భార్య భర్తని ఇంట్లోంచి వెళ్లిపొమ్మనడం దేశమంతా చూసింది. తమని చూపించిన తీరు సరిగా లేదని ఆ తర్వాత ఆ కుటుంబమే వాపోయింది.

పిల్లల విషయంలో మనకి రూల్స్ ఉన్నాయి. 2017 నిబంధనల ప్రకారం షూటింగ్‌లో పిల్లలతో రోజుకి 5 గంటలకు మించి పని చేయించకూడదు. రెస్ట్ లేకుండా 3 గంటలు దాటకూడదు. వాళ్లకొచ్చే డబ్బులో కనీసం 20 శాతం వాళ్ల పేరు మీదే ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. గంటలకీ డబ్బుకీ లెక్కుంది, బాగుంది. ఏ ఫొటో బయటికెళ్లాలన్నది మాత్రం సెట్‌లో ఆ నిమిషాన ఎవరో ఒకరు తేల్చాల్సిందే.

మొన్నొక ఎపిసోడ్‌లో ఒక నాన్న మైక్ పట్టుకుని తన అప్పుల గురించి చెప్పాడు. పక్కన పదేళ్ల కొడుకు. వాడు చొక్కా చేతితో మొహం తుడుచుకుంటుంటే నా లెన్స్‌లో సరిగ్గా కళ్ల మీద ఫోకస్ పడింది. మూడు ఫ్రేములు తీశా. అవతలి వైపు అన్న కెమెరా దించేశాడు.

బ్రేక్‌లో వాడే నా దగ్గరికొచ్చాడు. "అన్నా, ఏడ్చింది వేయొద్దే. మా క్లాసోళ్లు స్టిక్కర్ చేస్తారు."

అన్నకి చెప్పా. "ఫారం మీద వాళ్ల నాన్న సంతకం పెట్టిండు తమ్మీ, వీడు పెట్టలే కదా" అన్నాడు. నా మూడు ఫ్రేములూ పక్కన పెట్టి, నాన్న చెయ్యి కొడుకు భుజం మీద ఉన్న ఫొటో, వెనక నుంచి తీసింది, డిజిటల్ టీమ్‌కి పంపాడు. రెండు నిమిషాల్లో గ్రూప్‌లో మెసేజ్: "ఫేస్ ఏది?" అన్న "లేదు" అని కొట్టి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అలా రెండు మూడుసార్లు చేస్తే మరుసటి షెడ్యూల్‌కి పిలవరని మా ఇద్దరికీ తెలుసు.

బుధవారం ప్రోమో వచ్చింది. థంబ్‌నెయిల్‌లో ఆ పిల్లాడి మొహమే. వీడియోలోంచి కట్ చేశారు, కాస్త బ్లర్‌గా ఉంది, పక్కన ఎర్ర బాణం గుర్తు. అన్న నాకు లింక్ పంపాడు, పైన ఒక్క ముక్క కూడా రాయలేదు. దాని కిందే ఇంకో మెసేజ్: ఆదివారం పొద్దున 8కి రిపోర్టింగ్.