నోట్లో నిలిచేదే మంచి తొడుగు

మన రాయచూరు జిల్లా హట్టి బంగారు గనిలోకి హెల్మెట్ లేకుండా ఎవరూ దిగరు. రాయి ఎప్పుడు రాలుతుందో తెలియదు కాబట్టి తలకు ముందే కాపు పెట్టుకుంటారు. అదే కార్మికుడి కొడుకు సాయంత్రం కబడ్డీ ఆడేటప్పుడు మాత్రం నోటికి ఏ కాపూ ఉండదు. పట్టు పట్టబోయినవాడి మోచెయ్యి తగలొచ్చు, కిందపడ్డప్పుడు ఇంకొకరి తల తగలొచ్చు, క్రికెట్ బంతి తగలొచ్చు. దెబ్బ ఎక్కువగా పడేది పైవరస ముందుపళ్ళ మీదే. పాలపన్ను ఊడితే ఇంకొకటి వస్తుంది. శాశ్వత దంతం పోతే మళ్ళీ మొలవదు.

దీనికి విరుగుడు మౌత్‌గార్డ్, అంటే పళ్ళ తొడుగు. సాధారణంగా పై పళ్ళకే వేసుకుంటారు. ఒక్క పన్ను మీద పడే దెబ్బను మెత్తటి పొర మిగతా పళ్ళకూ పంచుతుంది. పెదవి పళ్ళకు తగిలి చీలకుండా, కింది పళ్ళు పై పళ్ళను గట్టిగా కొట్టకుండా మధ్యలో అడ్డుగా ఉంటుంది. తలకు తగిలే దెబ్బ నుంచి మెదడును కాపాడుతుందని మాత్రం నమ్ముకోకూడదు. ఆ భరోసా ఇచ్చేంత రుజువు లేదు.

బాక్సింగ్‌లో ఇది తప్పనిసరి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో న్యూఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచిన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ అయినా తొడుగు లేకుండా పోటీకి దిగడానికి వీల్లేదు. ఎర్ర రంగు తొడుగును కూడా ఒప్పుకోరు. నోట్లో నెత్తురు వస్తే రిఫరీకి తేడా తెలియాలి కదా.

తొడుగులు మూడు రకాలు. మొదటిది దుకాణంలో కొని నేరుగా నోట్లో పెట్టుకునేది. చవక, కానీ ఎవరి పళ్ళకూ సరిగ్గా అమరదు. జారిపోకుండా దవడ బిగించి పట్టుకోవాలి, దాంతో మాట్లాడడం, ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. రెండోది వేడినీళ్ళలో మెత్తబరిచి, కొరికి మన పళ్ళ ఆకారానికి తెచ్చుకునేది. చాలామందికి అందుబాటులో ఉండే మేలైన దారి ఇదే. పెట్టె మీద రాసినంతసేపే నీళ్ళలో ఉంచాలి. నోరు కాలకుండా చూసుకుని కొరికి, వేళ్ళతో బయటి నుంచి చిగుళ్ళకు అదమాలి. మరీ గట్టిగా కొరికితే పొర పల్చబడి, కాపాడాల్సిన చోటే బలం తగ్గుతుంది. మూడోది దంతవైద్యులు మన పళ్ళ అచ్చు తీసుకుని చేసిచ్చేది. ఖర్చు ఎక్కువే, కానీ అన్నిటికంటే బాగా అమరుతుంది. రాయచూరులో దంతవైద్య కళాశాలలు ఉన్నాయి, అక్కడ అడగవచ్చు. పళ్ళకు క్లిప్పులు కట్టించుకున్న పిల్లలు సొంతంగా ఏదీ కొనకుండా ముందు వైద్యుల్ని అడగాలి.

ఏ రకం కొన్నా పరీక్ష ఒక్కటే. తొడుగు పెట్టుకుని నోరు తెరిచినప్పుడు అది కింద పడకూడదు. పేరు అడిగితే స్పష్టంగా చెప్పగలగాలి. పరుగెత్తినా ఊపిరి ఆడాలి. చిగుళ్ళలో గుచ్చుకోకూడదు, వాంతి వచ్చేలా వెనక్కి తగలకూడదు. ఇబ్బంది పెట్టే తొడుగును పిల్లలు రెండో రోజుకే సంచిలో పడేస్తారు. సంచిలో ఉన్నది ఎంత ఖరీదైనదైనా పన్నును కాపాడదు.

ఆట అయ్యాక చల్లటి నీళ్ళతో కడిగి, గాలి ఆడే డబ్బాలో పెట్టాలి. మన రాయచూరు ఎండలో బండి సీటు మీద వదిలేస్తే ఆకారం మారిపోతుంది. చిరిగినా, వదులైనా మార్చేయాలి. ఎదిగే పిల్లలకు కొత్త పళ్ళు వచ్చినప్పుడల్లా సరిపోతోందో లేదో చూడాలి.

అప్పటికీ శాశ్వత దంతం ఊడిపడితే వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీయాలి. మట్టి ఉంటే రుద్దకుండా ఒక్కసారి నీళ్ళతో కడిగి, తిరిగి గుంటలోనే కూర్చోబెట్టాలి. కుదరకపోతే పాలలో వేసుకుని వెంటనే దంతవైద్యుల దగ్గరికి పరుగెత్తాలి. ఆలస్యమయ్యేకొద్దీ పన్ను బతికే ఆశ తగ్గుతుంది. పాలపన్నునైతే తిరిగి పెట్టకూడదు.

ఊళ్ళో టోర్నమెంట్లు పెట్టే పెద్దలకు ఒక్క విన్నపం. పేర్లు రాసుకునేటప్పుడే తొడుగు ఉందా అని ప్రతి పిల్లవాణ్ణీ అడగండి. గని గేటు దగ్గర హెల్మెట్ చూసినట్టే మైదానం అంచున దీన్నీ చూడండి. నాలుగు ఆటలు గడిచేసరికి అడగకుండానే పెట్టుకొస్తారు.