మనసు మందులు - మన జాగ్రత్తలు



జ్వరం గోలీ గురించీ బి.పి. గోలీ గురించీ మనం అరుగు మీద కూర్చుని నలుగురిలో చెప్పుకుంటాం. నిద్ర గోలీ గురించి, మనసు కుదుటపడటానికి వేసుకునే మందు గురించి మాత్రం నోరు విప్పం. బీరువాలో చీరల మడతల కింద దాచుకుంటాం. దాచుకున్న చోటే పొరపాటు జరుగుతుంది. అందుకని ఈ వారం ఆ మాటే మాట్లాడుకుందాం.

ముందు నిద్ర గోలీ సంగతి. ఆల్ప్రాజోలం, డయాజిపాం, క్లోనాజిపాం, లోరాజిపాం - ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందిన మందులు. మెదడులోని ఉద్రేకాన్ని అణచే రసాయనం ఒకటి మనలో పుట్టుకతోనే ఉంటుంది. ఈ మందులు దాని బలాన్ని పెంచుతాయి. అందుకే గుండెదడ తగ్గి కన్ను మూతపడుతుంది. ఫిట్సు వచ్చినప్పుడు, ఆందోళన మితిమీరినప్పుడు ఇవి మేలు చేసే మందులే. కాని వీటికి గడువు ఉంది. నిద్ర కోసం, ఆందోళన కోసం అయితే రెండు నుంచి నాలుగు వారాలకు మించి రోజూ వాడకపోవడం మంచిదని వైద్యులు చెబుతారు. గడువు దాటితే ఒళ్లు అలవాటు పడుతుంది. నిన్న అరగోలీకి వచ్చిన నిద్ర రేపు గోలీ మొత్తం వేసుకున్నా రాదు.

పగలు మత్తు, మతిమరుపు, నడకలో తూలడం వీటి దుష్ఫలితాలు. పెద్దవయసు అత్తమ్మ రాత్రి లేచి పడిపోయి తుంటి విరగ్గొట్టుకుంటే గచ్చు జారిందనుకుంటాం గాని, గోలీ తూలించిందేమో అని ఆలోచించం. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడగకుండా వీటిని ముట్టుకోరాదు. సారాతోనో కల్లుతోనో కలిసిందంటే ఊపిరే మందగించవచ్చు.

మా పరిగి వైపు ఈ మందు ఇంట్లోకి వచ్చే దొంగదారి ఒకటుంది. అది కల్తీ కల్లు. చెట్టు నుంచి దించిన కల్లు సంగతి కాదు నేను చెప్పేది. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట మత్తు కోసం పొడి కలిపి అమ్మే కల్లు. ఆ పొడి ఆల్ప్రాజోలమో, డయాజిపామో, క్లోరల్ హైడ్రేటో అయి ఉంటుంది. 2021 జనవరిలో మన వికారాబాద్ జిల్లా పల్లెల్లోనే కల్లు తాగినవాళ్లు పెద్దసంఖ్యలో దవాఖానాల పాలయ్యారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. ఏ డాక్టరూ చీటీ రాయలేదు, మోతాదు ఎంతో తెలియదు. అయినా కొన్ని ఇళ్లలో మగవాళ్లే కాదు, ఆడవాళ్లు కూడా ఏళ్లతరబడి మందు మింగుతున్నారన్నమాట.

మరి ఒక్కసారిగా ఆపేస్తే? 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి కల్లు దుకాణాలు, మద్యం దుకాణాలు మూతపడ్డ కొద్దిరోజులకే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరస కట్టారు. నిద్ర లేకపోవడం, చేతుల వణుకు, చెమటలు, లేనివి కనపడటం, ఫిట్సు. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లు గాలి సోకిందని తాయెత్తు కోసం పరుగెత్తుతారు. గాలీ కాదు, దయ్యమూ కాదు. అలవాటైన మత్తు హఠాత్తుగా అందకపోయేసరికి మెదడు తట్టుకోలేక తల్లడిల్లుతుంది. ప్రాణానికే ముప్పు రావచ్చు. వెంటనే 108కి ఫోను చేయాలి.

భర్త చేత పిల్లల మీద ఒట్టు వేయించి ఒక్కరోజులో మాన్పించాలని మనకు ఉంటుంది. ఉద్దేశం మంచిదే, పద్ధతి ప్రమాదం. గోలీ అయినా కల్లు అయినా డాక్టరు చూస్తుండగా వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈ మాట కొంగున ముడివేసుకోండి: మొదలుపెట్టడానికి డాక్టరు కావాలి, ఆపడానికీ డాక్టరు కావాలి.

ఇంకొక పొరపాటు కూడా చేస్తాం. నిద్ర గోలీలకున్న చెడ్డపేరు మనసు మందులన్నిటికీ అంటగడతాం. దిగులు జబ్బుకు ఇచ్చే మందులు వేరు. మత్తు కోసం మోతాదు పెంచుకునే యావ వాటితో రాదు. గుణం కనపడటానికి రెండు మూడు వారాలైనా పడుతుంది. మొదటివారం వికారం, తలనొప్పి రావచ్చు. అది చూసి మానేస్తే బాధే మిగులుతుంది, గుణం దక్కదు. తగ్గింది కదా అని చెప్పకుండా మానేసినా జబ్బు తిరగబెడుతుంది. వయసు పిల్లలకు ఈ మందు మొదలుపెట్టిన కొత్తలో చావు మాటలు మాట్లాడుతున్నారేమో కనిపెట్టి ఉండాలి.

భ్రమలు తగ్గించే హాలోపెరిడాల్ వంటి మందులతో మెడ పట్టేయడం, వణుకు, ఒకచోట కూర్చోలేకపోవడం ఉంటాయి. ఒలాంజపిన్‌తో బరువు, షుగరు పెరగవచ్చు. డాక్టరుకు చెబితే మోతాదు తగ్గిస్తారు, లేదా మందు మారుస్తారు. మానుకోవడం దారి కాదు, చెప్పుకోవడం దారి. మెడ, ఒళ్లు కొయ్యబారి జ్వరం కూడా వస్తే మాత్రం ఆగకుండా దవాఖానకు తీసుకుపోవాలి.

లిథియం వాడేవాళ్లకు రక్తపరీక్ష తప్పదు. తాండూరు బండ గనుల్లో ఎండకు పనిచేసేవారు నీళ్లు చాలక, వాంతులు విరేచనాలయినవారు ఒంట్లో నీరు పోయి, రక్తంలో లిథియం ఎక్కువై విషమిస్తుంది. దుకాణంలో అడిగి తెచ్చుకునే మోకాళ్లనొప్పి గోలీలు కూడా అదే పని చేస్తాయి. వాల్‌ప్రోయేట్ వాడే ఆడపిల్లకు పెళ్లి కుదిరితే ముందే డాక్టరుకు చెప్పండి, గర్భంలోని బిడ్డకు హాని చేయగల మందు అది. అలాగని సొంతంగా ఆపవద్దు.

దవాఖానకు పోయేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుపొండి. షుగరు, థైరాయిడ్, కిడ్నీ జబ్బు, కల్లు అలవాటు, నెల తప్పడం - సిగ్గుపడకుండా చెప్పండి. మూడు ప్రశ్నలు అడగండి: ఈ మందు ఎందుకు? ఎన్నాళ్లు? ఏ బాధ కనిపిస్తే వెంటనే రావాలి? పాత చీటీతో ఏడాదిపాటు కొనకండి. ఆల్ప్రాజోలం, డయాజిపాం వంటివి చీటీ లేకుండా అమ్మకూడదు. ఎవరు రాశారో, ఎవరికి ఇచ్చారో దుకాణదారు రిజిస్టరులో ఎక్కించాలని 2014 నుంచి నిబంధన ఉంది. చీటీ అడిగిన దుకాణదారు మీద కోపగించుకోకండి, మీ మేలు కోరి అడుగుతున్నాడు. ఒకరికి రాసిన గోలీ ఇంకొకరికి ఇవ్వకండి. చావు మాటలు మాట్లాడే మనిషి ఉన్న ఇంట్లో గోలీలు పెద్దవాళ్ల చేతికింద, తాళంలో ఉండాలి.

దవాఖానకు పోవడానికి వెనకాడితే ముందు 14416కు ఫోను చేయండి. టెలి-మానస్ అనే ఈ ప్రభుత్వ సేవ 2022 నుంచి నడుస్తోంది. రాత్రీ పగలూ, తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే అలవాటు కూడా మనమే మానాలి. ఆ తిట్టుకు జడిసి ఎంతమంది వైద్యానికి దూరమవుతున్నారో ఆలోచించండి.

ఈ రాత్రే మీ ఇంటి మందులడబ్బా ఒకసారి తెరిచి చూడండి. వచ్చేవారం మళ్లీ కలుసుకుందాం. సెలవు.