మధ్యవర్తి లేని సరోగసీ: చట్టం, సన్నద్ధత, తెలుగు వాడుక

వ్యాససంగ్రహం:
సరోగసీకి తెలుగు పత్రికల్లోనూ వాడుకభాషలోనూ స్థిరపడిన పేరు 'అద్దె గర్భం'. అయితే 2021 నాటి చట్టం ఈ ప్రక్రియలో అద్దెకూ దళారికీ చోటు లేకుండా చేసింది. మధ్యవర్తి లేకుండా సంతానార్థులైన దంపతులు ఏ క్రమంలో సిద్ధపడాలో వివరించడం, పాత పేరు కలిగిస్తున్న అపోహను చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సరోగసీ, అద్దె గర్భం, గర్భసంకర్షణం, సమ్మతి, చట్టం.

1. ఉపోద్ఘాతం:
'అద్దె' అనగానే ఇచ్చేవారు, తీసుకొనేవారు, బేరం కుదిర్చేవారు స్ఫురిస్తారు. సరోగసీ (నియంత్రణ) చట్టం 2022 జనవరి 25న అమలులోకి వచ్చాక ఆ బేరమే నేరమైంది. గర్భం మోసే స్త్రీకి వైద్యఖర్చులు, నిర్దేశించిన ఇతర ఖర్చులు, బీమా తప్ప ప్రతిఫలం ముట్టజెప్పరాదు. వాణిజ్య సరోగసీని ఆశ్రయించిన దంపతులకు సైతం తొలిసారి 5 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కనుక ఏజెన్సీ లేకుండా సాగడం మన దేశంలో చట్టబద్ధమైన ఏకైక మార్గం. 'అద్దె' అనే మాటను నమ్మి దళారిని వెతికే దంపతులు తెలియకుండానే నేరంలో చిక్కుకొంటారు.

2. పురాణస్మృతి:
దేవకి సప్తమగర్భాన్ని యోగమాయ రోహిణి గర్భంలోకి చేర్చిన భాగవతకథ తెలుగువారికి చిరపరిచితం. అలా జన్మించినందువల్లనే బలరాముడు సంకర్షణుడయ్యాడు. ఆ కథలో అద్దె లేదు, బాంధవ్యం ఉంది. అయితే అక్కడ విష్ణువు ఆజ్ఞ యోగమాయకు అందింది. నేటి చట్టంలో గర్భం మోసే స్త్రీ సమ్మతి లేనిదే ప్రక్రియ మొదలుకాదు.

3. సన్నద్ధతాక్రమం:

3.1. దంపతుల అర్హత: భార్య వయసు 23–50, భర్త వయసు 26–55 ఏళ్ల మధ్య ఉండాలి. కొన్ని మినహాయింపులు తప్ప, జీవించి ఉన్న సంతానం ఉండరాదు. వితంతువులు, విడాకులు పొందిన స్త్రీలు 35–45 ఏళ్ల మధ్య అర్హులు.

3.2. గర్భం మోసే స్త్రీ: ఆమె వివాహిత లేదా వివాహం జరిగినదై, సొంత బిడ్డ కలిగి, 25–35 ఏళ్ల మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే సరోగేట్ కావచ్చు. తన అండాన్ని ఇవ్వరాదు. శారీరక, మానసిక దృఢత్వాలకు వైద్యుని ధ్రువీకరణ అవసరం.

3.3. పత్రాలు: ముందుగా జిల్లా వైద్యమండలి నుండి వైద్యకారణాన్ని నిర్ధారించే ధ్రువపత్రం పొందాలి. పుట్టబోయే బిడ్డ తల్లిదండ్రులెవరో, సంరక్షణ ఎవరిదో తెలిపే ఉత్తర్వును ప్రథమశ్రేణి లేదా ఆపైస్థాయి మేజిస్ట్రేటు నుండి తీసుకోవాలి. గర్భం మోసే స్త్రీకి 36 నెలల బీమా చేయించాలి. ప్రసవానంతర సమస్యలు కూడా అందులోకి రావాలి. వీటితో పాటు అర్హతాపత్రాలు సిద్ధమయ్యాకే, నమోదైన క్లినిక్‌లో చికిత్స మొదలవుతుంది. దంపతుల్లో ఒకరికి వైద్యసమస్య ఉందని జిల్లా వైద్యమండలి ధ్రువీకరిస్తే దాత బీజకణాన్ని వాడుకొనే వెసులుబాటును 2024 సవరణ కల్పించింది.

4. సమ్మతి - బాంధవ్యం:
2019 బిల్లు గర్భం మోసే స్త్రీ దంపతులకు సమీపబంధువై ఉండాలన్నది. చట్టం ఆ నియమాన్ని విడిచి, ఇష్టపూర్వకంగా ముందుకు వచ్చే స్త్రీ అన్నది. అయినా ప్రతిఫలం లేనిచోట దంపతుల చూపు సహజంగా వదిన వైపో, చెల్లెలి వైపో, తోడికోడలి వైపో వెళుతుంది. దళారి ఒత్తిడి పోయినచోట ఇంటిపెద్దల ఒత్తిడి చేరే ప్రమాదం ఇక్కడే ఉంది. అత్తగారి మాటకు తలవంచి 'సరే' అనడం సమ్మతి కాదు. ప్రక్రియ వల్ల కలిగే దుష్ఫలితాలను ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించి, రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని చట్టం చెబుతున్నది. పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే ముందువరకు ఆమె దానిని వెనక్కి తీసుకోవచ్చు. దంపతులు ఆమెతో, ఆమె భర్తతో విడిగా మాట్లాడి, కాదనే అవకాశం నిజంగా ఇవ్వడం అన్ని పత్రాలకన్నా ముందు జరగవలసిన సన్నాహం.

5. ముగింపు:
• మధ్యవర్తి లేనందువల్ల పత్రాల బాధ్యతతో పాటు నైతికబాధ్యత కూడా దంపతులదే అవుతుంది.
• సరోగసీ ద్వారా పుట్టిన శిశువును చట్టం ఆ దంపతుల జీవసంబంధమైన సంతానంగానే పరిగణిస్తుంది.
• 'అద్దె గర్భం' అనే మాట నేటి చట్టస్థితికి పొసగదు. అది దంపతులను తప్పుదారి పట్టిస్తుంది, మోసే తల్లిని చిన్నబుచ్చుతుంది. వాడుకలో ఉన్న 'సరోగసీ'నే పత్రికలు, పాఠ్యపుస్తకాలు స్వీకరించడం సముచితం.