పంచాయతీ కార్యదర్శి ఎంపిక: పరీక్ష ఒక్కటే చాలునా?

గ్రామ పంచాయతీకి సర్పంచ్‌ను ఓటర్లు ఎన్నుకుంటారు. కార్యదర్శిని మాత్రం రాష్ట్ర ప్రభుత్వం ఎంపిక చేస్తుంది, జిల్లా యంత్రాంగం నియమిస్తుంది, బదిలీ చేస్తుంది. జనన మరణాల నమోదు, ఇంటి పన్ను వసూలు, ఇళ్ల నిర్మాణ అనుమతులు, తాగునీరు, వీధి దీపాలు, పారిశుద్ధ్యం, గ్రామసభ తీర్మానాలు అన్నీ నడిచేది ఆ ఉద్యోగి చేతుల మీదుగానే. ఆ కుర్చీలో తగిన వ్యక్తి లేకపోతే నిధులు వచ్చినా పని సాగదు.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పదకొండవ షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొన్నది. ఎన్నికలకు రాష్ట్ర ఎన్నికల సంఘాన్ని, నిధుల పంపిణీకి రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని తప్పనిసరి చేసింది. సిబ్బంది నియామకానికి మాత్రం అటువంటి ప్రత్యేక వ్యవస్థ ఏదీ ఏర్పరచలేదు. విధులు, నిధులు, సిబ్బంది అనే మూడింటిలో చివరిది వెనుకబడటానికి ఇది ఒక ముఖ్య కారణం.

పంచాయతీయే తన ఉద్యోగిని నియమించుకోవచ్చు కదా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది. ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది సిఫారసు, చిన్న ఊరిలో నియామకాధికారికి, అభ్యర్థికి బంధుత్వమో వైరమో లేకుండా ఉండటం అరుదు. రెండవది రిజర్వేషన్. ఒకే పోస్టు ఉన్న క్యాడర్‌లో రిజర్వేషన్ వర్తింపజేస్తే అది నూరు శాతం అవుతుందని, అది చెల్లదని 1998లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. పంచాయతీకి ఒక్కరే కార్యదర్శి గనుక ప్రతి పంచాయతీ విడిగా నియామకం చేపడితే ఎస్సీ, ఎస్టీ, బీసీ కోటా ఎక్కడా అమలు కాదు. జిల్లాను యూనిట్‌గా తీసుకుంటేనే రోస్టర్ నడుస్తుంది.

నేపాల్‌లో ఈ చిక్కు రాజకీయ వివాదమైంది. 2015 రాజ్యాంగం ప్రకారం అక్కడ 753 స్థానిక ప్రభుత్వాలు ఏర్పడ్డాయి. వాటి కోసం 2019లో కేంద్ర లోక్‌సేవా ఆయోగ్ 9,161 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. పోస్టులను స్థానిక ప్రభుత్వాల వారీగా విడగొట్టడంతో మహిళలు, దళితులు, మధేశీలు, ఆదివాసీలకు దక్కవలసిన వాటా కుదించుకుపోయిందన్న విమర్శలు చెలరేగాయి.

భారతదేశంలో ఇటీవల జరిగిన పెద్ద నియామకాలలో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల నియామకం ఒకటి. 2019 జూలైలో నోటిఫికేషన్, సెప్టెంబర్ 1 నుంచి 8 వరకు పరీక్షలు, అదే నెలలో ఫలితాలు, అక్టోబర్ 2న సచివాలయాల ప్రారంభం. దాదాపు 1.26 లక్షల పోస్టులకు 21 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇంత మందిని ఇంత తక్కువ వ్యవధిలో వడపోయడానికి బహుళైచ్ఛిక ప్రశ్నపత్రం తప్ప మరో మార్గం దాదాపు లేదు. అది సిఫారసుకు తావు తగ్గించింది. ఆ మేలు చిన్నది కాదు. అయితే పింఛను ఆగిన వృద్ధురాలికి కారణం ఓపికగా వివరించగలరా, తప్పుడు బిల్లుపై సంతకం పెట్టమంటే నిరాకరించగలరా అన్నది ఆ ప్రశ్నపత్రం చెప్పదు.

ఆ నియామకాలలోనే ఒక భిన్నమైన ఉదాహరణ ఉంది. ఎనర్జీ అసిస్టెంట్ పోస్టుల అభ్యర్థులకు విద్యుత్ పంపిణీ సంస్థలు స్తంభం ఎక్కడం, మీటర్ రీడింగ్, సైకిల్ తొక్కడం పరీక్షించాయి. చేయవలసిన పనినే పరీక్షగా పెట్టడమంటే ఇదే. ఇతర పోస్టులకు అది అసాధ్యమేమీ కాదు. ఒక దరఖాస్తు పరిష్కారం, ఒక నగదు పుస్తకం సరిచూడటం, ఒక ఫిర్యాదుకు సమాధానం రాయించడం పరీక్షలో భాగం చేయవచ్చు.

పని ఏమిటో ముందుగా తేల్చకపోతే ఎంత మంచి పరీక్షా ప్రయోజనం ఇవ్వదు. మహిళా సంరక్షణ కార్యదర్శులుగా ఎంపికైన వారిని 2021లో మహిళా పోలీసులుగా పేర్కొనడం ఇందుకు నిదర్శనం. పోలీసు నియామక నిబంధనలు పాటించకుండా ఆ విధులు ఎలా అప్పగిస్తారన్న ప్రశ్న హైకోర్టుకు చేరింది. 2025లో ప్రభుత్వం సచివాలయాలను జనాభాను బట్టి మూడు తరగతులుగా విభజించి, సిబ్బందిని హేతుబద్ధీకరించే ప్రక్రియ చేపట్టింది. ఏ ఊరికి ఎందరు అవసరమన్న లెక్క నియామకం కంటే ముందు జరగవలసినది.

తెలంగాణ అనుభవం ఎంపిక తరువాతి దశను చూపిస్తుంది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో పంచాయతీల సంఖ్య 12 వేలు దాటడంతో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు పోటీ పరీక్ష జరిగింది. 2019 ఏప్రిల్‌లో విధుల్లో చేరినవారికి మొదట నెలకు ఇచ్చినది రూ.15,000. మొక్కలలో కనీసం 85 శాతం బతికించే బాధ్యత సహా చట్టం మోపిన భారం మాత్రం పూర్తిస్థాయి ఉద్యోగిదే. మూడేళ్ల ప్రొబేషన్‌ను నాలుగేళ్లకు పెంచారు. 2023 ఏప్రిల్, మే నెలల్లో వారు సమ్మెకు దిగిన తరువాత పనితీరు మదింపు ఆధారంగా క్రమబద్ధీకరణ మొదలైంది. పోటీ పరీక్షలో నెగ్గిన యువత ఇంత కాలం అనిశ్చితిలో ఉంటే, మరో ఉద్యోగం దొరికిన వెంటనే వెళ్లిపోవడంలో ఆశ్చర్యమేముంది? వారు వెళ్లిన ఊరికి పన్నుల లెక్కలు, వివాదాల చరిత్ర తెలిసిన మనిషి మళ్లీ ఉండరు.

పట్టణాలలో పరిస్థితి మరింత క్లిష్టం. పారిశుద్ధ్య కార్మికులు పెద్ద సంఖ్యలో కాంట్రాక్టర్ల ద్వారా పనిచేస్తున్నారు. వారిని ఎంపిక చేసేది మున్సిపాలిటీ కాదు, పనితీరుకు జవాబు చెప్పవలసినది మాత్రం మున్సిపాలిటీయే. నిబంధనల ప్రకారం ఎంపిక కాని తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ హక్కు లేదని ఉమాదేవి కేసులో 2006 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. దొడ్డిదారి నియామకాలను ఆపడం ఆ తీర్పు ఉద్దేశం. ఏళ్ల తరబడి అవసరమైన పనిని తాత్కాలికమనే పేరుతో చేయించుకోవడానికి దానిని సాకుగా వాడరాదని 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో అదే న్యాయస్థానం హెచ్చరించింది.

కేరళ 2022లో పంచాయతీ, పట్టణ వ్యవహారాలు, గ్రామీణాభివృద్ధి, పట్టణ ప్రణాళిక, ఇంజినీరింగ్ విభాగాలను కలిపి స్థానిక ప్రభుత్వాలకు ఒకే ఉమ్మడి సర్వీసును ఏర్పాటు చేసింది. ఎంపికను రాష్ట్ర స్థాయిలో ఉంచి, పదోన్నతి మార్గాన్ని స్థానిక పాలనలోనే కల్పించడం ఇందులోని ఆలోచన. తెలుగు రాష్ట్రాలలో పంచాయతీ కార్యదర్శి పనితీరుపై సర్పంచ్‌కు, గ్రామసభకు అధికారిక మదింపులో ఎంత పాత్ర ఇవ్వాలన్నది ఇంకా తేలని అంశం.