తెర మీద బొమ్మ రాలేదేం?

పిల్లలూ! 1975 ఆగస్టు 1న మొదలైన 'సైట్' ప్రయోగంతో ఉపగ్రహం నుంచి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలకు టి.వి. బొమ్మలు వచ్చాయి. ఈనాడు అరచేతిలో ఇమిడే కంప్యూటరే బడికి వచ్చింది. దాని పేరు రాస్ప్‌బెర్రీ పై. 2012లో అమ్మకానికి వచ్చింది.

మొన్న విజ్ఞాన ప్రదర్శనలో మా పిల్లలు దానికి చిన్న తెర, కీబోర్డు, మౌసు తగిలించారు. తెర నల్లగానే ఉంది! అరగంటలో న్యాయనిర్ణేతలు వస్తారు.

"బోర్డు కాలిపోయింది సార్!" అన్నారు దిగులుగా.

బోర్డు మీది ఎర్రదీపం చూడమన్నాను. అది మినుకుమినుకుమంటోంది. కావలసింది 5 వోల్టులు; సుమారు 4.63 కన్న తగ్గితే ఆ దీపం ఆరిపోతుంది.

మరి మిగతా వోల్టేజి ఏమైనట్టు? ఓమ్ సూత్రం గుర్తు తెచ్చుకోండి. వాళ్లు వాడింది సెల్‌ఫోను సన్నతీగ. దాని నిరోధం 0.25 ఓమ్ అనుకుందాం. తెర, కీబోర్డు, మౌసు అన్నిటికీ కరెంటు బోర్డు గుండానే పోవాలి గదా! 2 ఆంపియర్లు ప్రవహిస్తే 2 × 0.25 = 0.5 వోల్టు తీగలోనే ఖర్చవుతుంది. బోర్డుకు చేరేది 4.5 మాత్రమే!

పొట్టి, లావు తీగ పెట్టాం. తెర వెలిగింది!

మీరూ స్విచ్చి ఆపి, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూడండి. రెండూ కలిపి మారిస్తే లోపం దేనిదో ఎలా తెలుస్తుంది?