బాబాయికి రెండు లోడ్లు ఎందుకు వచ్చాయి? మన ఫోన్‌తోనే మొబైల్ యాప్ ఆటోమేషన్ టెస్టింగ్

పోయిన ఎపిసోడ్ చూసి బాపట్ల నుంచి బీటెక్ తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, ఎమ్యులేటర్ పెడితే ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది, ఆటోమేషన్ ఎలా నేర్చుకోవాలి?" అని. ఎమ్యులేటర్ అక్కర్లేదు తమ్ముడూ, నీ ఫోన్ చాలు.

సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి కేబుల్ పెట్టండి. ల్యాప్‌టాప్‌లో జావా, ఆండ్రాయిడ్ ఎస్‌డీకే, నోడ్ ఉండాలి. 'ఏడీబీ డివైసెస్' అని కొడితే ఫోన్ కనిపించాలి. పక్కన 'అన్‌ఆథరైజ్డ్' అని వస్తే, ఫోన్ స్క్రీన్ మీద పర్మిషన్ అడుగుతోందన్నమాట, ఓకే నొక్కండి. తర్వాత అప్పియం వేసుకోండి. 2వ వెర్షన్ నుంచి డ్రైవర్ విడిగా వేసుకోవాలి, ఆండ్రాయిడ్‌కి యూఐఆటోమేటర్2. ఐఫోన్‌కైతే మ్యాక్ కావాలి, ఇవాళ దాని జోలికి పోవట్లేదు. సర్వర్ 4723 పోర్టులో నడుస్తుంది, మీరు పైథాన్‌లో రాసినా జావాలో రాసినా టెస్ట్ దానితోనే మాట్లాడుతుంది.

సెటప్ ఇంతే. అసలు కథ ఇప్పుడు చెప్తా.

నేను ఉద్యోగంలో ఉండగా మా టీం ఒక ఆర్డర్ల యాప్ చేసింది. రేపల్లె దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువులున్నాయి. ఆయన ఫోన్‌లో నేనే గొప్పగా ఇన్‌స్టాల్ చేశాను. ఒకరోజు ఫోన్: "ఒరేయ్, మేత ఒక్కసారే పెట్టానురా, రెండు లోడ్లు వచ్చాయి. రెండోదానికి డబ్బులెవడు కడతాడు?" చెరువు గట్టు మీద సిగ్నల్ పోయింది, స్క్రీన్ తిరుగుతూనే ఉంది, ఆయన మళ్లీ నొక్కాడు. మా టెస్టులేమో ఆ రోజు కూడా అన్నీ పాస్. ఆఫీసు వైఫైలో సిగ్నల్ పోదు కదా!

ఆ టెస్ట్ రాసింది నేనే. బటన్ నొక్కు, ఐదు సెకన్లు ఆగు, 'ఆర్డర్ అయింది' అని వచ్చిందా చూడు. ఈ 'ఐదు సెకన్లు ఆగు' పెద్ద మోసం. ఫోన్ స్లో అయితే ఊరికే ఫెయిల్, ఫాస్ట్ అయితే టైం వేస్ట్. 'ఎలిమెంట్ కనిపించేవరకు ఆగు, గరిష్ఠంగా 20 సెకన్లు' అని వెబ్‌డ్రైవర్‌వెయిట్‌తో రాయండి. అలాగే బటన్‌ని దాని మీద రాతతో వెతకొద్దు, యాప్‌ని తెలుగులోకి మారిస్తే రాత మారిపోతుంది. రిసోర్స్ ఐడీ మారదు.

ఇవన్నీ సరిచేసినా బాబాయి బగ్ దొరకలేదండి. 'ఏడీబీ షెల్ ఎస్‌వీసీ డేటా డిసేబుల్' కొట్టి నెట్ ఆపి చూశాను, అయినా రాలేదు. ఎందుకంటే నొక్కకముందే నెట్ పోతే అసలు ఆర్డరే వెళ్లదు. బాబాయి ఆర్డర్ సర్వర్‌కి చేరింది, జవాబు మాత్రం తిరిగి రాలేదు. ఆ సందు చాలా చిన్నది, చేత్తో కమాండ్ కొట్టి పట్టుకోలేం. అందుకని యాప్‌కీ టెస్ట్ సర్వర్‌కీ మధ్య చిన్న ప్రాక్సీ పెట్టాం. రిక్వెస్ట్‌ని లోపలికి పంపుతుంది, మొదటి జవాబుని మింగేస్తుంది. ఇప్పుడు టెస్ట్ ఏంటంటే, నొక్కు, టైమౌట్ దాకా ఆగు, మళ్లీ నొక్కు, సర్వర్‌లో ఆర్డర్లు లెక్కపెట్టు. రెండు! టెస్ట్ ఫెయిలైతే అంత సంతోషపడటం నాకదే మొదటిసారి.

తర్వాత యాప్ ప్రతి ఆర్డర్‌కీ ముందే ఒక ప్రత్యేక నంబర్ తయారుచేసి, మళ్లీ నొక్కినా అదే పంపేలా మార్చాం. ఆ నంబర్ ఇదివరకే వచ్చి ఉంటే సర్వర్ కొత్త ఆర్డర్ వేయదు, పాత జవాబే ఇస్తుంది. లెక్క ఒకటికి వచ్చింది. రెండో లోడు పక్క చెరువాయనకి సర్దాడులెండి బాబాయి.

కోడ్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. రన్ చేసేముందు అందులో ఉన్నది టెస్ట్ సర్వర్ అడ్రసేనా అని ఒక్కసారి చూసుకోండి. లైవ్ సర్వర్ మీద నడిపారో, ఎవరింటి ముందో నిజంగానే రెండు లోడ్లు దిగుతాయి.