కంప్యూటర్ పుస్తకాల్లో గుర్తులు చెప్పే మాట

కంప్యూటర్ సాంకేతిక పుస్తకాల్లో కొన్ని మాటలు బొద్దుగా, కొన్ని వాలుగా ఉండడం, కొన్నిటి చుట్టూ బ్రాకెట్లు కనిపించడం అలంకారం కోసం కాదు. పాఠకుడు దేన్ని ఉన్నదున్నట్టు టైపు చేయాలో, దేని స్థానంలో తన వివరం ఇవ్వాలో, దేన్ని వదిలేసినా ఫరవాలేదో ఆ గుర్తులే చెబుతాయి. ఉదాహరణకు ‘వెతుకు <ఊరు> [మండలం]’ అని అచ్చయి ఉంటే, ‘వెతుకు’ అన్నది మార్చకూడని ఆదేశం, కోణపు బ్రాకెట్లలోనిది పూరించవలసిన ఖాళీ, చదరపు బ్రాకెట్లలోనిది ఇష్టమైతే చేర్చుకునే అంశం. కాబట్టి పల్నాడు జిల్లావారు ‘వెతుకు కారంపూడి’ అని కొడితే సరిపోతుంది.

కోణపు బ్రాకెట్లను ఈ అర్థంలో 1959లో జాన్ బాకస్ ఒక ప్రోగ్రామింగ్ భాష వ్యాకరణాన్ని వివరించడానికి వాడగా, మరుసటి ఏడాది వెలువడిన ఆల్గాల్ 60 అనే ప్రోగ్రామింగ్ భాష నివేదికలో పీటర్ నార్ ఆ పద్ధతికి మెరుగులు దిద్దాడు. అయితే ఈ సంప్రదాయం తెలియనివారు బ్రాకెట్లను కూడా టైపు చేస్తే ముప్పు ఉంది. యూనిక్స్ తరహా ఆపరేటింగ్ వ్యవస్థల్లో ‘>’ అన్నదే ఒక ఆదేశం. ఫలితాన్ని దాని తరువాత పేర్కొన్న ఫైలులోకి పంపుతుంది, ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉంటే సాధారణంగా అందులోని పాత సమాచారం చెరిగిపోతుంది.

లిపుల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణపు పత్రాల రాత మరొక రకం. అక్కడ ప్రతి సంకేతాన్నీ ‘యు’, కూడిక గుర్తు, ఆపైన కనీసం నాలుగు స్థానాల సంఖ్యతో సూచిస్తారు. ఆ సంఖ్య పదహారు ఆధారంగా లెక్కించేది కనుక అందులో అంకెలతో పాటు ఎ నుంచి ఎఫ్ వరకు ఇంగ్లీషు అక్షరాలూ వస్తాయి. ‘క’ యు+0సి15, సున్న యు+0సి02. కంటికి నాలుగక్షరాలుగా కనిపించే ‘కారంపూడి’లో గుణింతపు గుర్తులనూ సున్ననూ విడిగా లెక్కిస్తారు కనుక కంప్యూటరుకు అది ఎనిమిది సంకేతాల వరుస.

ఇంగ్లీషు సంప్రదాయాలన్నీ తెలుగుకు ఒదగవు. ఇంటర్నెట్ ప్రమాణపత్రాల్లో ‘తప్పనిసరి’, ‘చేయడం మంచిది’, ‘చేయవచ్చు’ అనే అర్థాల మాటలకు 1997లో కచ్చితమైన నిర్వచనాలిచ్చారు, వాటిని తరచుగా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాల్లో రాస్తారు. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అన్న భేదమే లేదు. గుండ్రని అక్షరాల్లో వాలు స్ఫుటంగా తెలియదు, చిన్న సైజులో బొద్దుగా అచ్చువేస్తే వత్తులు అలుక్కుపోతాయి, ‘ర’నూ ‘స్త్రీ’నీ ఒకే వెడల్పులో ఇమిడ్చితే రెండోది చదవడమే కష్టం. అందువల్ల తెలుగులో సాంకేతిక పుస్తకాలు రాసేవారు, అచ్చువేసేవారు తమ గుర్తుల అర్థాలను మొదటి పుటలోనే పట్టికగా ఇచ్చి, చివరిదాకా వాటికే కట్టుబడాలి.